ఎనిమిదో తరం అట్ట

సూది బెజ్జంలోకి దారం ఎక్కించడానికి పొద్దున కూర్చుంటే అన్నం వేళ వరకు ఎక్కలేదు. ఆ రోజే టోపీల పని మానేశాను. నాకింకా యాభై నిండలేదు గానీ, నా కళ్లు మాత్రం నన్ను దాటుకుని ముందుకు నడిచి ఏ డెబ్బైలోనో చతికిలబడ్డాయి. పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు, కల్లూరులో మా ఇంటి వసారాలో కూర్చుని గుడ్డ టోపీలు కుట్టాను. ఇప్పుడు అదే చాప మీద మా చిన్నకోడలు మార్తమ్మ కుడుతోంది. ఆమె కోసం, ఆమెలాగే ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లల కోసం ఇది రాస్తున్నాను.

నాకు కథలు కట్టే అలవాటు ఉందని మా చర్చిలో పాదిరిగారి దగ్గర్నుంచి గంట కొట్టే ముసలాయన దాకా అందరికీ తెలుసు. అందుకే ముందే చెబుతున్నాను. ఇందులో అబద్ధాలు రెండో మూడో ఉంటాయి. అవి చూడగానే పట్టుబడేంత పెద్దవి. చిన్న అబద్ధాలు నేను ఆడను. అవి భయస్తులు ఆడేవి. ఒక్కసారి భయపడి ఆడబోయాను, ఆ సంగతి కూడా ఇందులోనే ఉంది.

పని ఎట్లా దొరికింది

మా ఆయన యేసురత్నం బేతంచెర్ల గనుల్లో నాపరాళ్లు తీసేవాడు. ఒకనాడు బండ జారి కుడిచెయ్యి నలిగిపోయింది. చెయ్యి మిగిలింది, పట్టు మిగల్లేదు. అప్పటికి మా పెద్దవాడు పాకుతున్నాడు. నాకు మిషన్ బడిలో నేర్పిన కుట్టు తప్ప ఇంకేమీ రాదు. కల్లూరు నుంచి హంద్రి ఏటి ఇసుకలో నడిచి అవతల కర్నూలు పాతబజారులో బురుజు దగ్గర టోపీల దుకాణం పెట్టుకున్న హుసేన్ సాయిబు దగ్గరికి వెళ్లాను.

ఆయన గుడ్డ, దారం, అట్టలు ఇళ్లకు ఇచ్చి ఆడవాళ్లతో కుట్టించేవాడు. అట్ట అంటే కొలత. టోపీకి పైన గుండ్రటి బిళ్ల, చుట్టూ పట్టీ, లోపల అస్తరు. బిళ్లకొక అట్ట, పట్టీకొక అట్ట. గుడ్డ మీద అట్ట పెట్టి సుద్దముక్కతో చుట్టూ గీసి కత్తిరించి కుట్టడమే పని. ఆ అట్టలన్నిటికీ తల్లి ఒకటుంది. సాయిబు తండ్రి ఎప్పుడో కిరసనాయిలు డబ్బా రేకును కత్తిరించి చేసిన అసలు కొలత. అది దుకాణం దాటి బయటికి రాదు. అట్ట అరిగితే దుకాణానికి వెళ్లి, ఆ రేకు పెట్టి గీసుకుని కొత్తది తెచ్చుకోవాలి.

సాయిబు నా చేతికి గుడ్డముక్క ఇచ్చి కుట్టమన్నాడు. కుట్టి ఇచ్చాను. తిరగేశాడు.

"ముందు పక్క అందరూ బాగానే కుడతారు బేటీ. నేను చూసేది ఎనక పక్క."

ఎనక పక్క కూడా ఆయనకు నచ్చింది. అట్టలు చేతిలో పెడుతూ ఒకటే షరతు చెప్పాడు. "కుట్టు తప్పితే ఇప్పి మళ్లీ కుట్టిస్తా. కొలత తప్పితే మాత్రం అట్ట ఎనక్కి తీసుకుంటా. మళ్లా ఈ మెట్టు ఎక్కేది లేదు."

ఆ మాట ఉత్తది కాదు. నా కళ్ల ముందే ముగ్గురి అట్టలు పోయాయి. ఎవరి టోపీ ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక గుర్తు ఇచ్చేవాడు. నాది అస్తరు లోపల పసుపుదారంతో మూడు కుట్లు. గురువారం టోపీలు అప్పగించాలి, శుక్రవారం నమాజుకు ముందు అవి అమ్ముడుపోతాయి.

ఆయన కోపిష్టి. పొగడడం ఆయనకు చేతకాదు. కానీ పని ఇచ్చేటప్పుడు నాది ఏ మతమని, నా మొగుడి చెయ్యి ఎందుకు పనిచేయదని ఒక్కనాడూ అడగలేదు. తరువాత చాలామంది యజమానులను చూశాను. పనికి రాని ప్రశ్నలు వేయని మనిషి దొరకడం ఎంత అదృష్టమో అప్పుడు తెలిసింది.

తలల సంగతులు

సాయిబు పని కాక, ఊళ్లో పసిపిల్లలకు కుళ్లాయిలు కూడా కుట్టేదాన్ని. మా వైపు పసిబిడ్డ తలకు కొలత పెట్టనివ్వరు. దారం చుట్టి కొలిస్తే బిడ్డ ఎదగదని తల్లుల భయం. మరి కొలవకుండా కుట్టేదెట్లా? ఒక కొబ్బరికాయ, ఒక వెలగకాయ, ఒక చిన్న సొరకాయ బుట్టలో పెట్టుకుని వెళ్లేదాన్ని.

"అమ్మయ్యా, నీ కొడుకు వీటిలో ఎవరి మాదిరి ఉండాడు?" అని అడిగేదాన్ని.

ఏ తల్లీ వెలగకాయను చూపించదు. తన బిడ్డ తల చిన్నదని ఒప్పుకునే తల్లి ఇంకా పుట్టలేదు. ఒకామె కొబ్బరికాయను కూడా కాదని, ఇంట్లోకి పోయి గుమ్మడికాయ తెచ్చింది. అందుకే నేర్చుకోండి. తల్లి చూపించిన కాయ కంటే ఒక కాయ తగ్గించి కుట్టండి. నా కుళ్లాయి ఏ బిడ్డకూ వదులు కాలేదు.

ఆషాఢం గాలికి టోపీలు నిలవవు కాబట్టి పట్టీ గట్టిగా కుట్టాలని కూడా అప్పుడే నేర్చుకున్నాను. ఒక వకీలు గుమాస్తా నా టోపీ పెట్టుకుని తుంగభద్ర ఒడ్డున నిలబడితే, గాలి దాన్ని ఎత్తుకుపోయి అవతల నైజాం గడ్డ మీద సుంకం నాకా బంట్రోతు నెత్తిన పెట్టింది. పరాయి సరుకు వచ్చిందని బంట్రోతు తన తలకు తానే సుంకం రాసుకున్నాడు. ఇది మొదటి అబద్ధం. గాలి మాత్రం నిజం.

నా తప్పు

ఇక అసలు సంగతి. పని మొదలుపెట్టి ఏడెనిమిదేళ్లు అయ్యేసరికి నాకు చెయ్యి తిరిగింది. చెయ్యి తిరగగానే బుద్ధి కూడా కొంచెం తిరిగింది. అట్ట అంచులు అరిగినప్పుడు హంద్రి దాటి దుకాణానికి పోవడం ఎందుకనిపించింది. వానాకాలం నీళ్లు, ఎండాకాలం అరికాళ్లు కాలే ఇసుక. పాత అట్టనే కొత్త అట్ట మీద పెట్టి, సుద్దతో గీసి కత్తిరించుకున్నాను. అది అరిగితే దాన్ని పెట్టి ఇంకొకటి. ఒకదాన్ని మేక తినింది. ఇంకొకదానితో పిల్లలు విసురుకుని చింపారు. ప్రతిసారీ బిడ్డను పెట్టి బిడ్డను గీశాను, తల్లి దగ్గరికి పోలేదు.

సుద్దగీతకు మందం ఉంటుంది. ఆ గీతకు బయటివైపే కత్తిరించేదాన్ని, లోపల కత్తిరిస్తే టోపీ బిగుతవుతుందని. ఒక్కసారికి అది నువ్వుగింజంత. ఎవరికీ తెలియదు. కానీ గుండ్రటి బిళ్ల అన్ని వైపులా పెరుగుతుంది, పట్టీ రెండు కొసలా పెరుగుతుంది. ఎనిమిదోసారికి అది ఎంత అయిందో నేను చూసుకోలేదు. మా ఇంట్లో మగవాళ్లకు తలపాగాలే. నా టోపీ పెట్టుకుని చూసే తల మా ఇంట్లో ఒక్కటీ లేదు. సాయిబు కుట్టు వెనక పక్క చూసేవాడే తప్ప, అట్ట మీది నమ్మకంతో కొలత చూసేవాడు కాదు.

విచిత్రం ఏమంటే, మూడేళ్ల పాటు ఒక్క టోపీ గురించి కూడా ఫిర్యాదు రాలేదు. నాకు తప్పు చేస్తున్నానన్న అనుమానం కూడా లేదు.

అప్పుడు కరువు వచ్చింది. బావులు ఎండాయి. హంద్రిలో చెలమలు తవ్వితే మొదట మోకాలి లోతులో నీళ్లు ఊరేవి, తరువాత నడుము లోతులో, తరువాత మనిషి దిగితే తల కూడా కనబడని లోతులో. ఆ చెలమ అడుగున చెవి పెడితే కాశీలో గంటలు వినబడేవి. ఇది రెండో అబద్ధం. చిన్న చెంబుతో నీళ్లు తోడి కడవ నింపడానికి ఒక పూట పట్టేదన్నది అబద్ధం కాదు.

ఆ కరువులోనే రంజాన్ వచ్చింది. ఎంత లేనివాళ్లయినా పండక్కి తలమీదికి ఒక కొత్త టోపీ కొనుక్కుంటారు. ఆ ఏడు కొత్త బట్టలు కుట్టించుకోలేనివాళ్లందరూ టోపీతోనే సరిపెట్టుకున్నారు. ఇంటిల్లిపాదీ గుడ్డలు కత్తిరించి ఇస్తుంటే గంపలు గంపలు కుట్టాను. పండగ అయిన మూడోరోజు సాయిబు నుంచి కబురు వచ్చింది.

"అట్టలు తీసుకుని రమ్మన్నాడు" అన్నాడు కబురు తెచ్చిన మనిషి.

అట్టలు తీసుకుని రమ్మంటే అర్థం మాకు తెలుసు. మా ఆయన గోడకు చేరబడి కూర్చున్నాడు. పనిచేయని చేతిని పనిచేసే చేత్తో పట్టుకుని చూస్తున్నాడు. ఆ కరువులో మా ఐదుగురి నోళ్లకు ఆ రెండు అట్టముక్కలే ఆధారం.

సాయిబు పీట ముందు

ఇసుకలో నడుస్తూ అబద్ధం తయారు చేసుకున్నాను. దుకాణం మెట్టెక్కేసరికి పీట మీద నా టోపీలు వరుసగా పెట్టి ఉన్నాయి. అన్నిటికీ అస్తరు తిరగేసి ఉంది, అన్నిటిలోనూ పసుపుదారం. ఇద్దరు ముగ్గురు కొనేవాళ్లు కూడా నిలబడి చూస్తున్నారు.

"ఏం సుగుణా, ఇవి టోపీలా, గంపలా?" అన్నాడు సాయిబు. "ఈద్గాలో సజ్దాకు వంగినా. టోపీ జారి ముక్కు మీదికొచ్చె. నమాజులో చెయ్యెత్తి సర్దుకునేదానికి లేదు. పక్కకు చూస్తే ఆయప్పకూ అంతే. వరసంతా గుడ్డోళ్లే! ఎనక పిల్లోళ్లు కిసుక్కుమని నవ్వబట్రి. మా నాయన కాలం నుంచి ఇంత మాట ఎవరన్నా అన్యారా ఈ దుకాణాన్ని?"

"చిన్నాయనా, టోపీలు సరిగానే ఉండాయి" అన్నాను. "తలలే చిక్కినాయి. కరువు గదా."

నిలబడినవాళ్లలో ఒకాయన నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. సాయిబు నవ్వలేదు.

"కరువుకు పొట్ట చిక్కుతాది, బుగ్గ చిక్కుతాది. పుర్రె చిక్కేది యాడన్నా చూసినావా?"

"మా ఇంట్లోనే చూసినా. మా ఆయన తలపాగా ముందు అయిదు చుట్లు వచ్చేది, ఇప్పుడు ఏడు చుట్లు చుడతాండాడు."

"అట్ట తీయి" అన్నాడు.

ఆ గొంతు విన్నాక నా దగ్గర ఇంక కథ మిగల్లేదు. అట్ట తీసి పీట మీద పెట్టాను. ఆయన లోపలినుంచి రేకు తెచ్చి దాని మీద పెట్టాడు. రేకు చుట్టూ నా అట్ట ఒక వేలి మందం బయటికి వచ్చి ఉంది. పళ్లెంలో పెట్టిన చిన్న రొట్టె మాదిరి కనబడింది రేకు.

"ఇది ఈ రేకు బిడ్డేనా?"

"కాదు చిన్నాయనా. బిడ్డకు బిడ్డ."

"ఎన్నో తరం?"

వేళ్లు మడిచి లెక్కపెట్టాను. "ఎనిమిదోది. అయిదోదాన్ని మేక తినింది."

ఆయన రేకును పక్కన పెట్టి అట్టను వెలుతురుకు ఎత్తి చూశాడు. తరువాత ఆయనకే ఒక అనుమానం వచ్చింది.

"ఇదెట్లా? ఇది ఒక్కనాటిలో పెరిగింది గాదు. పోయినేడు నీ టోపీలు నేనే పెట్టుకున్యా. సరిగానే ఉండె. అంతకు ముందేడూ సరిగానే ఉండె. ఈ ఏడే ఎట్లా పెద్దవాయె?"

నాకూ తెలియదు. నిజంగానే తెలియదు.

అప్పుడు దుకాణానికీ ఇంటికీ మధ్య వేలాడే తెర వెనక గాజులు కదిలాయి. సాయిబు భార్యను మేమంతా బీబమ్మ అనేవాళ్లం. గంజి పెట్టడం, టోపీలను బోర్లించిన కుండల మీద ఆరబెట్టడం ఆమె పని.

"పోయినేడు నీళ్లుండె. ఈ ఏడు లేవు" అంది బీబమ్మ తెర వెనకనుంచి.

"నీళ్లకూ దీనికీ ఏమే?"

"పసుపుదారం టోపీలు పెద్దవైతాండాయని మూడేండ్ల కిందే చూసినా. అవి మాత్రం యేరుగా తీసి సలసల కాగే నీళ్లలో ముంచుతాంటి. గుడ్డ కుంచించుకుంటాది గదా. మళ్లా సరిపోయే కుండ మీద ఆరబెడతాంటి. నా చేతి ఏళ్లకు సూది పట్టే బలం ల్యాకపాయె, లేకుంటే లోపల ఒక మడత కుడుతుంటి. ఈ ఏడు నీళ్లు మోసే భిస్తీ రానే రాలేదు. తాగే నీళ్లు తీసి టోపీలకు పోసేదానికి నాకు మనసొప్పలా."

సాయిబు ముఖం ఎర్రబడింది.

"మూడేండ్లు! నా ఇంట్లో, నాకు తెలియకుండా!"

"తెలిసుంటే మూడేండ్లు సాగేదా? నువ్వు అట్ట గుంజుకుంటావు. ఆ పిల్ల మొగుడు చెయ్యి నలిగి కూచోనుండాడు. రెండు కడవల నీళ్లతో సరిపోయేదానికి ఒక సంసారాన్ని ఈదిలో ఎందుకు పెట్టాల?"

నేను తెర వైపు చూడలేకపోయాను. అంతవరకు నా చేతి నైపుణ్యం అనుకున్నది సగం ఆమె పొయ్యి మీద కాగిన నీళ్లు. వారం వారం ఆమె వేడినీళ్లలో చేతులు పెట్టి నా తప్పు కడిగింది. నేనేమో అట్ట గీసుకోవడానికి హంద్రి దాటలేనన్నాను.

"తప్పు నాదే చిన్నాయనా" అన్నాను. "తలలు చిక్కలేదు. అరికాళ్లు కాలతాయని రాలేదు. అంతే."

సాయిబు ఎనిమిదో అట్టను తీసుకుని రెండుగా, నాలుగుగా చించి బుట్టలో వేశాడు.

"ఇంక నీ ఇంటికి అట్ట రాదు" అన్నాడు.

మా ఆయన ముఖం కళ్లముందు కదిలింది. లేచి కొంగు సర్దుకున్నాను. మెట్టు దిగబోతుంటే మళ్లీ అన్నాడు.

"యాడికి పోతాండావు? మాట పూర్తి కానీ. అట్ట రాదు. నువ్వే ఈడికి రావాల, ప్రతి గురువారం. ఈ రేకు పక్కన కూచోని, వచ్చే ప్రతి ఆడమనిషి అట్టనూ దీనిమీద పెట్టి చూడాల. తప్పు ఎట్లా పెరుగుతాదో ఈ కర్నూల్లో నీకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. నీ గుడ్డ ఈడే, రేకు పెట్టి కత్తిరించుకోని పో. ఇంకొకటి. అమ్మిన టోపీలన్నీ ఇల్లిల్లూ తిరిగి నువ్వే సరిచేయాల."

తెర వెనక గాజులు మళ్లీ కదిలాయి. ఈసారి ఆమె నవ్విందని నాకు తెలిసింది.

ఇల్లిల్లూ

సూది, దారం తీసుకుని పాతబజారు వీధులన్నీ తిరిగాను. తెరల వెనకనుంచి టోపీలు చేతికి వచ్చేవి. గడపలో కూర్చుని అస్తరు కింద ఒక మడత వేసి ఇచ్చేదాన్ని. తిడతారేమోనని వెళితే, ఆ కరువులో కూడా ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా పంపలేదు. ఒక ముసలాయన మాత్రం టోపీ ఇవ్వనన్నాడు.

"నాకు వదులే బాగుండాది పోమ్మా. మా అల్లుడొచ్చినప్పుడు కిందికి గుంజుకుంటే ఆయప్ప మొగం కనబడదు."

ఆ తిరుగుడులో నేను నేర్చుకున్నది అన్నేళ్ల కుట్టులో నేర్చుకోలేదు. అంతవరకు టోపీ అంటే నాకు గురువారం అప్పగించే సరుకు. అది పెట్టుకునే మనిషిని ఎప్పుడూ చూడలేదు. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదే చెబుతాను. కుట్టిన టోపీని కనీసం ఒక్క తల మీద పెట్టి చూడండి. ఎవరూ దొరక్కపోతే మొగుడి తలపాగా విప్పించి అయినా చూడండి.

సాయిబు గురించి నా తీర్పు అడిగితే, ఆయన నియమం మంచిదే, దాని వెనక ఉన్న భయం మంచిది కాదు. కొలత తప్పిందని చెబితే పని పోతుందనుకున్నవాళ్లు కొలత తప్పిందని ఎందుకు చెబుతారు? ఆ రోజు తరువాత ఆయన ఎవరి అట్టా గుంజుకోలేదు. తప్పిన అట్టను చించి, రేకు ముందుకు తోసేవాడు. ఇక బీబమ్మ. ఆమె లేకపోతే మూడేళ్ల ముందే నా బతుకు తెల్లారేది. ఆమెకు నేను పడ్డ రుణం దేవుని ముందు కూడా చెబుతాను. అయినా ఒక మాట అనకుండా ఉండలేను. మొదటి టోపీ తడిపిన రోజే తెర పక్కకు జరిపి "సుగుణా, నీ అట్ట పెరుగుతాండాది" అని ఉంటే నాలుగో తరంలోనే ఆగిపోయేది.

ఒకసారి ఆమెతోనే అన్నాను ఈ మాట. "చెబుదామనే అనుకుంటి. నువ్వు మెట్టెక్కినప్పుడల్లా ఏదో ఒక కథ చెప్పి నవ్విస్తాంటివి. నవ్వే మొగం మీద ఎట్లా చెప్పేది?" అంది.

సాయిబు పోయాక దుకాణం వాళ్ల తమ్ముడి కొడుకుల చేతికి వెళ్లింది. వాళ్లకు మిషను కుట్టు కావాలి. ఈమధ్య దేశానికి జెండా మారాక అందరికీ తెల్ల పడవటోపీలే కావాలి. గుండ్రటి టోపీ ఇంకా అడిగే కొద్దిమంది కోసమే మార్తమ్మ గురువారం గురువారం కుట్టి ఇస్తోంది. బీబమ్మ రేకును గుడ్డలో చుట్టి నాకు పంపింది. తుప్పు ఒక్క చుక్క కూడా పట్టలేదు. ఇన్నేళ్లూ నీళ్ల దగ్గర బతికిన మనిషి ఇంట్లో ఉన్న రేకు అది.

మార్తమ్మకు

మార్తమ్మా, ఇంతదూరం చదివావు గనక ఇప్పుడు చెబుతున్నాను. నీ అట్ట పెరుగుతోంది. ఇది మూడో అబద్ధం కాదు.

రేకు నా పెట్టెలోనే ఉంది. అడిగితే తీసి ఇచ్చేదాన్ని. కానీ నువ్వు అడగలేదు, పాత అట్ట పెట్టి కొత్తది గీసుకున్నావు. నేను చూశాను. మొదట కోపం వచ్చింది. తరువాత ఆలోచిస్తే తెలిసింది. నీ చాపకూ నా పెట్టెకూ మధ్య హంద్రి లేదు, ఉన్నది నా నోరు. పెళ్లయిన వారానికే నీ కుట్టు చూసి వంకాయ కోసినట్టుందని చర్చి దగ్గర నలుగురిలో అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. ఆ తరువాత నన్ను ఏమీ అడగలేదు.

రెండు వారాలుగా గురువారం పొద్దున, నువ్వు చెలమకు పోయినప్పుడు, నీ టోపీలు వేడినీళ్లలో ముంచి కుండ మీద ఆరబెడుతున్నాను. గంజి పెడుతున్నానని నీతో చెప్పాను. అది నేను ఆడిన చిన్న అబద్ధం. చిన్న అబద్ధాలు భయస్తులవని మొదట్లోనే రాశాను కదా. అత్తకు కూడా కోడలంటే భయం ఉంటుంది.

పెట్టె తాళంచెవి వసారాలో మేకుకు తగిలించాను, నీ చెయ్యి అందేంత ఎత్తులో. రేకు తీసుకో. నన్ను అడగక్కర్లేదు. పాత అట్టను నువ్వే చించెయ్యి.

వచ్చే గురువారం నేను నీళ్లు కాగబెట్టను.